తలుపు తెరవడానికి పావుగంట

పోలీసు ఆటంటే ఏమిటో మీకు తెలీదు నాయనా. తలుపు కనబడితే తన్నడం, మనిషి కనబడితే కాల్చడం, చస్తే మళ్ళీ మొదలుపెట్టడం. మా రోజుల్లో దీన్ని పోలీసు ఉద్యోగం అనేవాళ్ళు కాదు. మా రోజులంటే బ్రిటిషువాళ్ళ కాలం అనుకునేరు, 2005. నవ్వకండి. నలభై దాటినవాడికి అది చాలా దూరమే.

స్వాట్ 4 అనే కంప్యూటర్ ఆట వచ్చిన ఏడాది అది. అంతకుముందు, 1999లో, స్వాట్ 3 వచ్చింది. అందులో కథ లాస్ ఏంజెలస్‌లో, సరిగ్గా 2005లోనే జరుగుతుంది. అణ్వాయుధాలు వద్దనే ఒప్పందం మీద సంతకాలు పెట్టడానికి దేశదేశాల పెద్దలు ఊళ్ళోకి దిగితే, వాళ్ళ ప్రాణాలు మనం కాపాడాలి. తీరా నిజం 2005 వచ్చేసరికి ఒప్పందం రాలేదు గానీ ఆట నాలుగో భాగం వచ్చింది. ప్రపంచం సంగతి ఏమో గానీ నాకైతే అదే నయం.

ఆ ఆటలో మొత్తం ఐదుగురం. ఎర్రజట్టు ఇద్దరు, నీలంజట్టు ఇద్దరు, పైన పెత్తనానికి నువ్వు. తలుపు దగ్గరికి చేరగానే తెరవకూడదు. ముందు సన్నటి గొట్టం కెమెరా తలుపు కింద దూర్చి లోపల ఎవరున్నారో చూడాలి. పక్క తలుపులోంచి ఎవడూ రాకుండా దాని కింద అడ్డు పెట్టాలి. గడియ వేసుందా, బాంబుతో పేల్చాలా, మెరుపు గుండు వేయాలా, గ్యాసు వదలాలా అని ఆలోచించాలి. ఈలోగా మన కంప్యూటర్ పోలీసులు పెళ్ళిలో రెండో బంతి కోసం కాచుకున్నవాళ్ళలా గుమ్మానికి అడ్డంగా నిలబడేవాళ్ళు. లోపలికి పోరు, మనల్ని పోనివ్వరు. అయినా సరే, వాళ్ళకున్న ఓపిక మీకేదీ?

అసలు గొప్పతనం అరుపులో ఉంది. దొంగ ఎదురైతే ముందు అరవాలి. చేతులెత్తు, తుపాకీ కింద పడెయ్ అని. వాడు ఒకసారి పడేస్తాడు, ఒకసారి పారిపోతాడు, ఇంకోసారి పడేసినట్టే నటించి కాలుస్తాడు. ఏది చేస్తాడో నీకు తెలీదు, ఎందుకంటే ఆడిన ప్రతిసారీ మనుషులు వేరే చోట ఉండేవాళ్ళు. వాడు బెదిరించకుండానే కాల్చావా, మార్కులు కోసేసేవారు. చివర్లో నూటికి లెక్క. అన్నిటికంటే కష్టమైన స్థాయిలో నెగ్గాలంటే 95 రావాలి. పదో తరగతి లెక్కల్లో మా నాన్న కూడా నన్ను అంత అడగలేదు.

దొంగకే కాదు, అక్కడున్న అమాయకులకీ బేడీలు వెయ్యాలి. ప్లాస్టిక్‌వి. ఫెయిర్‌ఫాక్స్ అనే హంతకుడి ఇంట్లో వాడి ముసలితల్లి ఉంటుంది. ఆవిడని కూర్చోబెట్టి చేతులు కట్టి, ఆ సంగతి రేడియోలో పైవాళ్ళకి చెప్పి, అప్పుడు కదలాలి. ఆ ఇంటి నేలమాళిగలోకి మొదటిసారి దిగింది అమీర్‌పేటలో ఒక నెట్ సెంటర్లో. కోచింగ్‌కని ఇంట్లో చెప్పి ఐదు కంప్యూటర్ల ముందు ఐదుగురం. అది ఏ సీడీ, ఎక్కడిది అని అడక్కండి. గోడల నిండా మనుషుల ముఖాల అచ్చులు, మా హెడ్‌ఫోన్లలో మా ఊపిరి తప్ప చప్పుడు లేదు. వాడు ఎత్తుకొచ్చిన అమ్మాయి ఆ మూలే ఎక్కడో ఉండాలి. ఆ క్షణంలో కరెంటు పోయింది.

మధ్యలో సేవ్ చేసుకునే సదుపాయం ఉండేది కాదు నాయనా. మళ్ళీ వీధి గుమ్మం దగ్గర్నుంచి, ముసలావిడ బేడీల దగ్గర్నుంచి మొదలు. నెట్ సెంటర్ ఆయన చీకట్లో కూర్చున్న సమయానికి కూడా డబ్బు తీసుకున్నాడు. ఇప్పుడు మీకు యూపీఎస్, ల్యాప్‌టాప్, అన్నీ. కష్టం లేనిచోట భయం మాత్రం ఎక్కడ్నుంచి వస్తుంది?

ఇంకా వెనక్కి వెళ్తే మరీ పద్ధతిగా ఉండేది. ఈ స్వాట్‌లన్నీ పోలీస్ క్వెస్ట్ అనే వంశంలో పుట్టినవే. 1987లో వచ్చిన మొదటిదాన్ని కాలిఫోర్నియా హైవే పోలీసులో పనిచేసి రిటైరైన జిమ్ వాల్స్ తయారుచేశాడు. అందులో కారెక్కే ముందు దాని చుట్టూ తిరిగి టైర్లు చూసుకోవాలి. చూసుకోకుండా ఎక్కావా, దారిలో టైరు పోయి ఆట ముగిసేది. దాన్ని నేను చాలా ఆలస్యంగా ఆడాను, అదీ కొద్దిగా, ఆ మాటకొస్తే విసుగు పుట్టి వదిలేశాను. అయినా మెచ్చుకోవడానికి ఆడే తీరాలని ఎక్కడుంది?

మీ కాలంలోనూ ఒకటి వచ్చిందిలే, రెడీ ఆర్ నాట్. 2021 డిసెంబరులో సగం కట్టిన ఇల్లు అమ్మినట్టు అమ్మి, 2023 డిసెంబరుకి పూర్తిచేశారు. అరవడం, బేడీలు, తలుపు కింద కెమెరా, ఊరికే కాల్చకూడదనే నియమం, అన్నీ ఉన్నాయి. అంటే నాకు కావలసినవన్నీ ఉన్నాయి. నచ్చలేదు. యాభై జీబీ పైనట, మా ఆట సీడీల్లో పట్టింది. చివర్లో ఇంగ్లిషు అక్షరాలు ఇస్తారు, అందులోనూ ‘ఎ’ కంటే ‘ఎస్’ గొప్పదట! పైగా ఒంటరిగా ఆడితే జట్టులో వాళ్ళకి మనసు కుంగుతుంది, డాక్టరు దగ్గరికి పంపాలి, పంపకపోతే ఉద్యోగం మానేస్తారు. మా ఎర్రజట్టుకి మనసే లేదు. గుమ్మంలో నిలబడటమే వాళ్ళ జీవితం. ఈ కొత్త ఆటలో ఒకతను రాజీనామా చేసి వెళ్ళిపోతే మాత్రం నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

మా మేనల్లుడు వాళ్ళ జట్టులో ఐదోవాడు రాకపోతే నన్ను పిలుస్తాడు. ప్రతి తలుపు దగ్గరా ‘ఆగండ్రా, కింద నుంచి చూద్దాం’ అంటాను. ‘మావయ్యా, నువ్వు వెనక కాపలా’ అంటారు. వెనక నుంచి ఇంతవరకూ ఎవడూ రాలేదు. కానీ వాళ్ళు హడావిడిగా దాటిపోయిన గదుల్లో దొంగల తుపాకులు నేలమీద అలాగే పడి ఉంటాయి. వంగి ఒక్కొక్కటే తీసేది నేను. పోయినవారం వీళ్ళకి ‘ఎస్’ వచ్చింది. ఎవడైనా ఒక్క మాట అన్నాడా? మైకు కట్టెయ్యమన్నారు, ఊపిరి గట్టిగా వినబడుతోందట.