స్లాబ్ రోజు కాదు, ముందురోజే: సైటులో వినకూడని సలహాలు

ఇల్లు కట్టడం మొదలుపెడితే సలహాలకు కొదవుండదు. వాటిలో కొన్ని పాటిస్తే కట్టిన ఇంటికే ముప్పు. పిల్లర్లు, బీములు, స్లాబులే ఇంటి బరువు మోస్తాయి. వాటి బలం లోపలి ఇనుము మీద కూడా ఆధారపడుతుంది. కాంక్రీటు పడ్డాక ఆ ఇనుము మళ్లీ కంటికి కనబడదు. కాబట్టి చూడాల్సినదంతా పోయకముందే చూడాలి.

"సార్, మీరు స్లాబ్ రోజు వస్తే చాలు."
ఆ రోజు కొబ్బరికాయ కొట్టడం, కూలీలకు భోజనాలు, మిల్లరు మోత. ఆ హడావిడిలో తప్పు కనబడినా పని ఆపించడానికి ఎవరికీ నోరు రాదు. ముందురోజు ఎండ ఉండగానే టేపు, డ్రాయింగు పట్టుకుని వెళ్లండి. రాడ్ల మందం, వాటి మధ్య దూరం కొలవండి. ప్రతి బీమునూ ఫొటో తీయండి.

"బాల్కనీ రాడ్లు కాస్త కిందికి దిగితే ఏమవుతుంది? ఇనుము ఇనుమే కదా!"
అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. లాగుడు ఉన్నచోట ఇనుము ఉండాలి. రెండు బీముల మధ్య స్లాబు నడుమ కిందికి వంగుతుంది కాబట్టి అక్కడ లాగుడు కింది అంచున ఉంటుంది. బాల్కనీకీ సజ్జాకీ ఒక పక్కే పట్టు ఉంటుంది, కొస కిందికి వాలుతుంది. అక్కడ లాగుడు పై అంచున పుడుతుంది. అందుకే వాటి ప్రధాన రాడ్లు పైనే ఉండాలి, గది స్లాబులోకి డ్రాయింగులో చూపినంత పొడవూ వెళ్లాలి. తట్టలు మోసేవాళ్ల కాళ్ల కింద అవి అణిగిపోతే సెంట్రింగ్ తీయగానే సజ్జా విరిగిపడవచ్చు. రాడ్ల కింద వాటిని ఎత్తిపట్టే ఇనుప కుర్చీలు, నడవడానికి పలకలు వేయించండి. కాంక్రీటు పడుతున్నంతసేపూ అక్కడే ఒక మనిషిని నిలబెట్టండి.

"కవర్ బ్లాకులు దండగ, కంకర రాయి పెడితే సరి."
రాయి జారుతుంది, రాడ్డు సెంట్రింగ్ పలకకు ఆనుతుంది. తర్వాత తేమ సోకి తుప్పు పడుతుంది, ఉబ్బిన తుప్పు పెచ్చులు ఊడగొడుతుంది. మామూలు వాతావరణంలో స్లాబుకు 20, పిల్లర్లకు 40 మిల్లీమీటర్ల కవరు (రాడ్డు మీది కాంక్రీటు మందం) ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతోంది. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఉప్పుగాలికి స్లాబులకు ఇంకా ఎక్కువ కావాలి.

"పిల్లరు రాడ్ల చుట్టూ కట్టే రింగు కొస లోపలికి వంచనక్కర్లేదు, మన దగ్గర భూకంపాలెక్కడివి?"
1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతం కంపించాయి. 90 డిగ్రీలకే వంచిన కొస, ఊపులో కవరు రాలగానే తెరుచుకుంటుంది. అప్పుడు నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి, పిల్లరు నలుగుతుంది. కొసలు 135 డిగ్రీలకు వంగి లోపలికి వెళ్లాయో లేదో ప్రతి పిల్లరుకూ చూడండి.

"ఇంకో బకెట్ నీళ్లు పొయ్యండి, మాలు బాగా పారుతుంది."
ఎక్కువైన నీరు ఆవిరై సన్నటి రంధ్రాలు మిగులుస్తుంది, బలం తగ్గుతుంది. ఎం20 కాంక్రీటులో 50 కిలోల బస్తాకు నీరు, ఇసుకలోని తడితో కలిపి, 27.5 లీటర్లు మించకూడదు. మాలు మూలలకు చేరాలంటే వైబ్రేటర్ వాడించండి.

"వారమైంది, సెంట్రింగ్ అంతా తీసేద్దాం, అద్దె పెరుగుతోంది."
బీముల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబు కింది ఊతాలకే కనీసం 7 రోజులు కావాలి. అంతకు మించితే 14. బీముల కింద, వాటి పొడవు 6 మీటర్ల వరకు ఉంటే 14 రోజులు, ఆపైన 21. ఈలోగా స్లాబు మీద నీళ్లు కట్టడం కనీసం 7 రోజులు, పీపీసీ (పోజోలానా) సిమెంటు వాడినా, మండుటెండల్లోనైనా కనీసం 10.

ఇంజనీరు సైటుకొచ్చి, ఇనుము చూసి, సంతకం పెట్టేదాకా మిల్లరు తిప్పనివ్వకండి. స్లాబు ఒకరోజు ఆలస్యమైతే కూలి డబ్బులే పోతాయి. తప్పు లోపలే ఉండిపోతే ఆ కప్పు కింద పడుకునేది మీ పిల్లలు.