సున్నమలుపు పద్యానికి టీకాతాత్పర్యం

మూలం

ఆ. నేల వాలు చూడు నేర్పుతో రాళ్లేరు
గడ్డి జాతి నెరిగి కత్తి నెంచు
వానలెన్ని నెలలు వచ్చునో లెక్కించు
పిదప సున్నమలుపు బేరమాడు

అవతారిక

వ్యాఖ్యాతకు మూలం కావాలి. దొరక్కపోతే కట్టుకోవాలి. పై ఆటవెలది తాళపత్రాల్లో దొరికింది కాదు, ఈ టీక కోసమే కట్టింది. ఎర్రన నృసింహపురాణానికి వస్తువైన అహోబిలాన్ని గడ్డి కోసే యంత్రం దగ్గరికి దించారేమని రసికులు నొచ్చుకోనక్కర్లేదు. దేవుడు కొండమీద ఉన్నా గడ్డి కొండకింద ఇంటి చుట్టూ మొలుస్తూనే ఉంటుంది. దిగువ అహోబిలం, ఆళ్లగడ్డ పరిసరాల్లో ఊరి బయట రెండు మూడెకరాలకు ప్రహరీ తిప్పి నడిమధ్య ఇల్లు కట్టుకున్నవారు ఈ పద్యానికి అధికారులు. పిల్లలు డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండి, అక్కడ ఇరుగింటాయన కుర్చీబండి మీద కూర్చుని గడ్డి కోయడం కళ్లారా చూసి వచ్చినవారైతే మరీ ముఖ్యులు. అటువంటివారికి ఏది ముందు, ఏది వెనుక అని చెప్పడమే పద్యం చేసే పని. నాలుగో పాదం మొదట్లో ఉన్న ‘పిదప’ అనే మాట మీదే పద్యమంతా నిలబడి ఉందని ఈ టీక సిద్ధాంతం.

ప్రతిపదార్థం

నేల వాలు = ఇంటి చుట్టూ ఉన్న భూమి ఏటవాలును; చూడు = కొలిచి చూడు; నేర్పుతో = ఓపికతో కూడిన నేర్పుతో; రాళ్లేరు = రాళ్లను ఏరివేయి; గడ్డి జాతిన్ = అక్కడ మొలిచేది గరికో, తుంగో, వయ్యారిభామో; ఎరిగి = తెలుసుకొని; కత్తిన్ = దానికి తగిన కోత పనిముట్టును; ఎంచు = ఎంచుకో; వానలు ఎన్ని నెలలు వచ్చునో = గడ్డి ఎదుగుదల ఏడాదిలో ఎన్నాళ్లో; లెక్కించు = వేళ్ల మీద లెక్కపెట్టు; పిదప = ఇవన్నీ అయ్యాక మాత్రమే; సున్నమలుపు = జీరో టర్న్ మోవర్‌ను; బేరమాడు = ధర అడుగు.

మొదటి పాదం మీద టీక

సున్నమలుపు యంత్రానికి సాధారణంగా స్టీరింగు చక్రం ఉండదు. వెనుక చక్రాలు రెండింటికీ వేర్వేరు హైడ్రాలిక్ పంపులు, మోటార్లు ఉంటాయి. ఒళ్లో రెండు పిడులు. రెండూ సమంగా తోస్తే తిన్నగా పోతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు అంటే నిలుచున్న చోటనే గిర్రున తిరుగుతుంది. ముందు చక్రాలు ఎటు లాగితే అటు దొర్లే అనాథలు. ఈ ఏర్పాటును 1960ల మొదట్లో అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు హెస్టన్ ఊళ్లో జాన్ రీగర్ రూపొందించాడు. కారూ కాదు, ట్రాక్టరూ కాదు. మనిషీ మృగమూ కాని స్వామి వెలసిన చోట ఇటువంటి దాన్ని తప్పుపట్టేవారుండరు. చిక్కంతా వాలు దగ్గర. నడపడం, తిప్పడం, ఆపడం మూడూ ఆ వెనుక చక్రాలే చేయాలి. ఏటవాలు మీద అవి జారాయంటే మూడూ ఒక్కసారే చేజారతాయి. అందుకే తయారీదారులు సాధారణంగా 15 డిగ్రీలు దాటిన వాలు మీదికి వద్దంటారు, కొందరు 10 డిగ్రీలకే గీత గీస్తారు. పదిహేను డిగ్రీలంటే నూరడుగుల దూరానికి సుమారు 27 అడుగుల ఎత్తు. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం అని పేర్లలోనే వాలు పెట్టుకున్న చోట, నల్లమల నీడన ఉన్న ప్రతి జాగా ఈ పరీక్షలో నెగ్గుతుందని అనుకోవడం భక్తి అవుతుందేమో గాని లెక్క కాదు.

వాలు కుదిరినా రాయి కుదరాలి. ఈ యంత్రపు కత్తి కొస గంటకు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతుంది. ఆ వేగానికి అడ్డొచ్చిన గులకరాయి తూటా అవుతుంది; కిటికీ అద్దమో, పిల్లవాడి కాలో దానికి పట్టదు. ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో రాయి దేవుడవుతుంది, మోవర్ కత్తి కింద మాత్రం శత్రువవుతుంది. రాయలసీమలో నేల దున్నిన ప్రతిసారీ కొత్త రాళ్లు పైకి తేలతాయని సేద్యగాళ్లందరికీ తెలుసు. కాబట్టి ‘రాళ్లేరు’ అన్నది ఒకనాటితో తీరే పని కాదు, ఏటేటా చేసే వ్రతం. పద్యంలో ‘నేర్పుతో’ అన్న విశేషణం ఊరికే పడలేదు.

రెండో పాదం మీద టీక

టెక్సాస్ లాన్లలో పరుచుకుని ఉన్న బెర్ముడా గడ్డి మన గరికే. శాస్త్రజ్ఞులు రెంటికీ సైనోడాన్ డాక్టిలాన్ అని ఒకే పేరు పెట్టారు. వినాయక చవితినాడు పూజలో ఉన్నదాన్నే మర్నాడు చేలో కలుపని పీకుతాం; అదే గడ్డికి అక్కడ నీళ్లు పెట్టి, ఎరువేసి, వారం వారం క్షవరం చేయిస్తారు. కాబట్టి గడ్డి వేరు గనుక ఇక్కడ యంత్రం పనికిరాదని ఎవరైనా అంటే ఆ వాదం నిలవదు. నిలిచే వాదం వేరే ఉంది. అక్కడ గరిక ఒక్కటే ఉంటుంది, ఇక్కడ గరిక నలుగురిలో ఒకటి. పక్కనే తుంగ, దాని ప్రాణం నేలలోపలి గడ్డల్లో ఉంటుంది, పైన ఎంత కోసినా మళ్లీ లేస్తుంది. ఆ పక్కన వయ్యారిభామ. పూత రాకముందు వేళ్లతో పీకాలి, కోస్తే మొదట్లోంచి చిగురిస్తుంది, పూసి గింజ కట్టాక కోస్తే యంత్రమే విత్తనాలు చల్లినట్టవుతుంది. ఇక పల్లేరు నేలకు అంటుకుని పాకుతుంది గనుక కత్తికి అందదు, దాని కాయలు మాత్రం టైర్లకు బాగానే అందుతాయి. యంత్రం వీటిలో ఒక్క గరికనే సరిగ్గా కోయగలదు.

అంతకన్నా పెద్ద తేడా కోసిన గడ్డి ఏమవుతుందన్నది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ మొదటి లాన్ మోవర్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఉన్నిగుడ్డ మీద నూగు కత్తిరించే మిల్లు యంత్రమే దానికి ప్రేరణ. అంటే పుట్టుకలోనే అది గుడ్డకు నునుపు తేవడంలాంటి పనికి పుట్టింది, మేత కోసం కాదు. సున్నమలుపు కూడా గడ్డిని తునాతునకలు చేసి పక్కకు చిమ్ముతుంది; మట్టి కలిసిన ఆ పొట్టును గొడ్లకు వేయలేం. కరువు సంవత్సరాల్లో వామి ఉన్న ఇల్లే ఇల్లనిపించుకున్న సీమలో గడ్డిని పరకగా కోసి మోపు కట్టగలిగే కొడవలికి, పొట్టు చేసి పారేసే కత్తికి మధ్య ఎంపిక అందచందాలకు సంబంధించింది కాదు. ‘కత్తి నెంచు’ అన్నప్పుడు పద్యం అడుగుతున్న ప్రశ్న ఇదే: కోసింది ఎవరు తింటారు?

మూడో పాదం మీద టీక

ఇక లెక్క. సున్నమలుపు కోత వెడల్పు 52 అంగుళాలు, వేగం గంటకు 5 మైళ్లు అనుకుంటే గంటకు రెండున్నర ఎకరాల పైన వస్తుంది. మలుపులకు, ఒకదానిపై ఒకటి పడే చాళ్లకు ఐదో వంతు తీసేస్తే రెండెకరాలు ఖాయం. ఇది నిజంగా మెచ్చుకోవలసిన పని. కాని ఆ గంటలు ఏడాదిలో ఎన్ని? ఉమ్మడి కర్నూలు జిల్లాలో కురిసేది ఏటా 670 మిల్లీమీటర్ల దరిదాపు, అదీ ఎక్కువగా జూన్, నవంబరు నెలల మధ్య. గడ్డి కోతకొచ్చేది జూలై నుంచి నవంబరు దాకా అనుకుందాం. పక్షానికొకసారి కోస్తే పది కోతలు. రెండెకరాల ఇంటికి ఏడాది మొత్తానికి పది గంటల పని. అమెరికాలో ఈ యంత్రం ధర మూడు వేల డాలర్ల దగ్గర మొదలై పది వేలు దాటిపోతుంది. రవాణా, సుంకం కలపకముందే లక్షలు పెట్టి పది గంటల సేవ కొనుక్కోవడమన్నమాట.

మిగతా ఏడు నెలలూ యంత్రం ఖాళీగా ఉండటం వేరు, క్షేమంగా ఉండటం వేరు. ఇథనాల్ కలిపిన పెట్రోలు ట్యాంకులో నిలవుంటే తేమ పీల్చుకుంటుంది, కార్బ్యురేటర్లో జిగురు కడుతుంది. వాడని బ్యాటరీ దిగిపోతుంది. షెడ్డులో ఎలుకలకు వైర్లు మెత్తని మేత. ట్రాక్టరు మెకానిక్కుకు క్లచ్చి, గేరుబాక్సు కొట్టిన పిండే గాని, హైడ్రోస్టాటిక్ పంపు పాడైతే విడిభాగం కోసం ఎదురుచూడాలి. అది వచ్చేసరికి కోత కాలం దాటిపోతుంది. డాలస్‌లో ఏటా సుమారు 950 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అది ఏడాది పొడుగునా విడతలుగా వస్తుంది. తక్కువైన నాడు స్ప్రింక్లర్లు ఉండనే ఉన్నాయి. అక్కడ వసంతం నుంచి శరత్తు దాకా వారం వారం పని ఉంటుంది గనుక యంత్రానికి కొన్న ధర గిట్టుతుంది. ఒకే యంత్రం, ఒకే గరిక. రెండు ఊళ్లకూ తీర్పు వేరు కావడానికి కారణం వాన నెలల లెక్క.

పూర్వపక్ష సమాధానాలు

ఇక్కడ మొదటి ఆక్షేపం: వాన లేకపోతే బోరు ఉంది కదా, నీళ్లు పెట్టి ఏడాదంతా పచ్చగా ఉంచుకుంటే యంత్రానికి పని దొరుకుతుంది కదా అని. ఇది యంత్రం కోసం గడ్డిని పెంచే వాదం. దీన్ని అంకెతో పరీక్షించాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. వేసవిలో లాన్ పచ్చగా నిలవాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు తక్కువ లెక్కే. అంటే ఎకరానికి రోజుకు 20 వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఎండాకాలం తాగునీటికి ట్యాంకరు కోసం కాచుకునే ఊళ్ల మధ్య ఒక ఇల్లు గరికకు రోజుకు నాలుగు ట్యాంకర్లు తాగిస్తుందంటే, ఆ బోరు ఎండినా ఎండకపోయినా ఇరుగుపొరుగు బోర్లకు జవాబు చెప్పుకోవాలి.

రెండో ఆక్షేపానికి బలముంది: కూలీలు దొరకడం లేదు, దొరికినా కొడవలి పట్టేవారు తక్కువ, రెండెకరాలు కోసేదెవరని. దీన్ని కాదనలేం. అయితే కొడవలికీ కుర్చీబండికీ నడుమ మెట్టొకటుంది. భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్ వాలు మీదా నడుస్తుంది, చెట్ల మొదళ్లలోకీ వెళుతుంది. మెత్తని గడ్డికి నైలాన్ దారం, ముదురు కాడలకు ఇనుప పళ్లెం మార్చుకోవచ్చు. పరకను మరీ పొట్టు చేయదు గనుక ఏరుకుని గొడ్లకు వేసుకోవచ్చు. కంటికి అద్దాలు, కాలికి బూట్లు మాత్రం తప్పవు. రాయి దీనికీ ఎగురుతుంది. అదీ కొనడం ఇష్టం లేకపోతే బాడుగకు మనిషిని, మిషన్ను కలిపే పిలిపించుకోవచ్చు. మూడో ఆక్షేపం హోదాకు సంబంధించినది: యంత్రం గేటు దగ్గర నిలబడితే ఇంటికి అందమని. అందుకు వ్యాఖ్యాత దగ్గర సమాధానం లేదు. పద్యం గడ్డి కోయడం గురించి చెప్పింది, గేటు దగ్గర నిలబెట్టడం గురించి చెప్పలేదు. మూలంలో ఆధారం లేని మాట రాయకూడదన్న మల్లినాథసూరి నియమం ఈ పేద టీకకూ వర్తిస్తుంది.

నాలుగో పాదం మీద టీక

షోరూముల్లో ఈ పద్యానికొక పాఠాంతరం ప్రచారంలో ఉంది. అందులో నాలుగో పాదం మొదట వస్తుంది, ‘పిదప’ అనే మాట రాలిపోతుంది, మిగతా మూడు పాదాలు యంత్రం ఇంటికి వచ్చాక యజమాని స్వానుభవంలో తెలుసుకుంటాడు. ఇది గ్రాహ్యం కాదు. అలాగని పద్యం యంత్ర ద్వేషమూ కాదు. చదునైన నేల, రాయి లేని మన్ను, ఒక్క గరిక, ఏడాది పొడుగునా కోత, అడ్డులేని రెండు మూడెకరాల మైదానం ఉన్నవారు నిస్సంకోచంగా కొనవచ్చు; యూనివర్సిటీ ఆవరణకు, క్రికెట్ మైదానపు అంచులకు, టెక్సాస్‌లో ఎకరం దాటిన ఇంటికి ఇది తగినదే. అటువంటివారికి బేర మర్మాలు నాలుగు. కోత వెడల్పును ఎకరాలతో కాక గేటు వెడల్పుతో కొలవాలి. కత్తులుండే డెక్కు పలుచటి రేకును అచ్చు కొట్టినదా, మందపాటి రేకులు వెల్డింగు చేసినదా చూడాలి. హైడ్రో పంపుల్లో ఆయిలు మార్చుకునే వీలుందా, శాశ్వతంగా మూసేశారా అడగాలి. తిరగబడితే కాపాడే ఇనుప కమాను, సీటు బెల్టు లేనిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

తాత్పర్యం

యంత్రాన్ని ఎకరాలు చూసి కొనకూడదు. నేల, గడ్డి, వాన అనే మూడింటి సమ్మతి తీసుకుని కొనాలి. అహోబిలం చుట్టుపక్కల ఈ మూడూ సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి ఇక్కడి పెద్ద జాగాకు యోగ్యమైన ఏర్పాటు ఇది: వయ్యారిభామను పూత రాకముందే గుడ్డ చుట్టిన చేతులతో పీకించడం, చెట్ల చుట్టూ, దారుల అంచునా బ్రష్ కట్టర్ తిప్పించడం, మిగిలిన పచ్చికను గొర్రెల మందకు వదలడం. మొక్కలు మేసేస్తాయని భయముంటే లేత మొక్కలకు కంప కట్టాలి, మేకలను పక్కనపెట్టి గొర్రెలనే పిలవాలి. గొర్రెకు పై దవడలో ముందుపళ్లే లేవు, కింద ఎనిమిదే. అయినా వాలుకు జారదు, రాయిని ఎగరేయదు, పెట్రోలు అడగదు, కోసిందాన్ని ఎరువు చేసి అక్కడే వేస్తుంది. చేలో మంద నిలిపించుకున్నందుకు కాపరికి ఎదురిచ్చే ఆచారం సీమలో పాతదే. కనుక ‘బేరమాడు’ అన్న ఆజ్ఞ ఇక్కడ కూడా చెల్లుతుంది, కాకపోతే ఎదుట ఉండేది డీలరు కాదు, కాపరి. గడ్డి మేపుకున్నందుకు ఆయన మీకివ్వాలా, ఎరువు వేసినందుకు మీరు ఆయనకివ్వాలా అన్నది పద్యం తేల్చలేదు. వ్యాఖ్యాత అనుమానం మాత్రం ఆ బేరంలో కాపరే నెగ్గుతాడని.