పది లక్షల మంది వస్తేనో!

ఐటీ ఉద్యోగులుండే ఏ హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లోనైనా ఈయన ఒకరుంటారు. హోదా సొల్యూషన్ ఆర్కిటెక్టు. ఆఫీసులో ఏం గీసినా మేనేజరు సగానికి కోసేస్తాడు. అక్కడ తీరని కోరికలన్నీ తీరాలంటే ఇక అపార్ట్‌మెంటే దిక్కు.

నీళ్ల ట్యాంకరు, పార్కింగు గొడవలు మాట్లాడుకోవడానికి నలభై ఫ్లాట్లవాళ్లకూ ఓ చర్చావేదిక చేసిపెట్టమన్నాడు సెక్రటరీ. పేరు, తేదీ, చెప్పదలచుకున్న మాట: ఇంతే కావలసింది. ఆర్కిటెక్టుగారు జాలిగా చూసి, "రేపు పది లక్షల మంది వస్తేనో?" అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు, సోమలింగానికి లోడ్ బ్యాలన్సరు!

లాగిన్‌కొక సర్వీసు, లైకులకొకటి, ఫొటోలకొకటి, నోటిఫికేషన్లకొకటి. వీటిని కాయడానికి కుబెర్నెటిస్. వేలకొద్దీ యంత్రాలను మేపిన అనుభవంతో గూగుల్ 2014లో బయటపెట్టిన సరుకది. ఇక్కడ మేపవలసినవి నలభై కుటుంబాలు. నెల తిరిగేసరికి క్లౌడ్ బిల్లు లిఫ్టు మెయింటెనెన్సును దాటింది.

అల్లరిమూకలు చొరబడకుండా పాయింట్ల పద్ధతి కూడా పెట్టారు. పది మంది మెచ్చితేగాని కొత్త చర్చ మొదలెట్టడానికి లేదు. ఎవరూ ఏమీ రాయకపోతే మెచ్చుకునేదేమిటి? ప్రెసిడెంటుగారు తన మీటింగు నోటీసు తానే పెట్టలేక, కాగితం మీద రాసి లిఫ్టులో అంటించుకున్నారు.

ఈ పాయింట్లు పెట్టకముందు మూడో అంతస్తు పిన్నిగారు ఓసారి నిలదీశారు.

"ఏం బాబూ, నీళ్లు లేవని పొద్దున రాస్తే, ట్యాంకరొచ్చి వెళ్లాక కనిపించిందేం?"

"అది తప్పు కాదు పిన్నిగారూ, ఈవెంచువల్ కన్సిస్టెన్సీ. కాస్త ఆలస్యమైనా చివరికి అందరికీ ఒకేలా కనిపిస్తుంది."

"చివరికి నీళ్లొచ్చేశాయి కదయ్యా!"

"చూశారా, సిస్టం ఎంత స్థిరంగా ఉందో!"

తెలివితక్కువ మనిషైతే ఎవరో ఒకరు ఆపేవారు. అపారమైన తెలివి, అదే చిక్కు. పాల్ గ్రాహం 2007లో మొదలెట్టిన హ్యాకర్ న్యూస్ చర్చావేదిక డేటాబేసైనా లేకుండా, మామూలు ఫైళ్లతో, ఒకే సర్వరు మీద ఏళ్ల తరబడి నడిచిందని మా కుర్రాడొకడు గుర్తుచేశాడు. దానికాయన, "పాపం, వాళ్లకు ఆర్కిటెక్టు లేడు" అన్నారు.

ఇప్పుడు రెండో వెర్షన్ రాస్తున్నారు, మళ్లీ మొదట్నుంచి, రస్ట్ భాషలో. మొదటిసారి భయంతో అణుచుకున్న ముచ్చట్లన్నీ రెండోసారి కట్టే సిస్టంలోకి కుక్కుతారనీ, అన్నిట్లోకీ ప్రమాదకరమైనది అదేననీ ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే 'ది మిథికల్ మ్యాన్-మంత్'లో హెచ్చరించాడు. ఆ పుస్తకం ఆయన బీరువాలో ఉంది. చదవమని జూనియర్లకు అరువిస్తుంటారు కూడా. మొదటిసారే ఏదీ అణుచుకోని మనిషి రెండోసారి ఏం కుక్కుతాడో బ్రూక్స్ ఊహకైనా అంది ఉండదు. మన ఆర్కిటెక్టుగారైతే వాదనలు శ్రుతి మించితే చల్లార్చే కృత్రిమ మేధను కలుపుతున్నారట. వాదించుకోవడానికి అక్కడ మనుషులుండాలిగా!

మనుషులంతా వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. ఆయనా ఉన్నారు. సర్వరు పడిపోయిందన్న కబురు అందరికీ చేరవేసేది అందులోనే.

ఆయన మీ అపార్ట్‌మెంటుకు అద్దెకొస్తే నిక్షేపంగా ఇల్లివ్వండి. మనిషి బంగారం, అద్దె ఒకటో తారీఖున పడిపోతుంది. అసోసియేషన్ క్రెడిట్ కార్డు మాత్రం ఆయన చేతిలో పెట్టకండి.