ఇద్దరు మంత్రుల ఒప్పందం

ఆటగాళ్ళు నోటిమాటతో డ్రా చేసుకోకూడదని 2005లో సోఫియా చదరంగం టోర్నమెంటులో రూలు పెట్టారు. తర్వాత చాలాచోట్ల అదే పాటించారు. అయితే ఒకే స్థితి మూడుసార్లు వస్తే మాత్రం డ్రాయే. అంటే చెవిలో గుసగుసలాడితే తప్పు, బోర్డు మీద ఆడితే ఒప్పు.

అందుకు బెర్లిన్ డిఫెన్సు అనే ఓపెనింగ్ ఉండనే ఉంది. 2000లో క్రామ్నిక్ దీన్నే అడ్డం పెట్టుకుని కాస్పరోవ్‌కు ఒక్క గెలుపూ దక్కనివ్వకుండా ప్రపంచ కిరీటం లాక్కున్నాడు. ఇప్పుడు అందులోనే 14 ఎత్తుల అడ్డదారి ఉంది. మూడు గుర్రాలు, ఓ శకటు మర్యాద కోసం బలవుతాయి. తర్వాత తెల్ల మంత్రి ఓ గడి జరిగి చెక్ అంటాడు, నల్ల మంత్రి ఓ గడి జరిగి అడ్డు నిలబడతాడు. ఇద్దరూ వెనక్కి. మళ్ళీ అదే. మంత్రులు కదా, ఇద్దరికీ దెబ్బ తగలదు.

2023లో సమర్‌ఖండ్‌లో దుబోవ్, నెపోమ్నియాషి ఆ మర్యాద కూడా లేకుండా ఉత్త గుర్రాలను తిప్పి డ్రా చేసుకుంటే చెరో సున్నా వేశారు. మరుసటేడు అదే నెపో కార్ల్‌సన్‌తో కలిసి ప్రపంచ బ్లిట్జ్ కిరీటాన్నే పంచుకుంటే సరేనన్నారు. పంచుకునేది పెద్దదై ఉండాలి!

బతూమిలో 2025 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో మన హంపి, దివ్య దేశ్‌ముఖ్ రెండు క్లాసికల్ ఆటలూ డ్రా చేసుకున్నారు. అవి చెమటోడ్చిన డ్రాలు. పాయింట్ల పట్టికలో మాత్రం అక్కడా అర పాయింటే, ఇక్కడా అర పాయింటే.

ఆ అర కోసమే మా ఘాజియాబాద్ పిల్లల టోర్నమెంటు ఆఖరి రౌండులో గేటు బయట ఇద్దరు తండ్రులు చాయ్ తాగుతూ సంధి కుదుర్చుకున్నారు. డ్రా అయితే ఇద్దరికీ కప్పు. ఇందిరాపురం గుంటూరాయన కొడుక్కి నీళ్ళ సీసా అందిస్తూ, "బెర్లిన్ ఆడెయ్ నాన్నా" అన్నాడు. వైశాలి కాలనీ పిల్లాడికీ హిందీలో అదే ఉపదేశం.

వైశాలి పిల్లాడు మూడో ఎత్తులో శకటును బీ5కి కాకుండా సీ4కి తోశాడు. వాడికి ఇటాలియన్ ఓపెనింగ్ ఇష్టమట. మన బుడ్డోడు బట్టీ పట్టిన ప్రకారం గుర్రం తీశాడు. అవతలి గుర్రం జీ5కి దూకి ఎఫ్7 మీద కన్నేసింది. పావుగంటలో రాజు నడివీధిలో ఉన్నాడు.

గుంటూరాయన తిన్నగా ఆర్బిటర్ దగ్గరికెళ్ళి, అవతలివాళ్ళు మాట తప్పారని ఫిర్యాదు చేశాడు. ఆర్బిటర్ తెల్లకాగితం ముందుకు జరిపాడు.

"ఏం మాట ఇచ్చారో రాసివ్వండి సార్. సంతకం మరిచిపోకండి."