రోలరు మరిచిన ఇంజనీరు గారికి

మహారాజశ్రీ గ్రామీణ రోడ్ల ఇంజనీరు గారి సముఖమునకు,

వరంగల్ వైపు, ఎస్సారెస్పీ కాలువ పక్కనున్న ఒక పల్లె పిల్లల తరఫున వినయంగా మనవి చేసుకునేది ఏమనగా: హనుమాండ్ల గుడి నుంచి కాలువ తూము దాకా తమరు పోయించిన కంకర క్షేమం. పోసింది పోసినట్టే ఉంది. ఎండకు ఎండింది, వానకు తడిసింది, ఒక రాయి ఇంకో రాయిని పట్టుకున్న పాపాన పోలేదు. రోలరు దర్శనం మాత్రం ఇంకా కాలేదు.

తమరికి ఆ రోడ్డు ఎస్టిమేటులో ఒక వరుస. ఆ పిల్లలకు అదే గ్రౌండు. గుడి నుంచి తూముకు 800 మీటర్లు, పోయి వస్తే 1600. టేపు పట్టి కొలిచి, బడి గోడలకు వేయగా మిగిలిన పెయింటు అడిగి తెచ్చి, వంద మీటర్లకొక తెల్ల గీత గీసుకున్నారు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో తెలంగాణ బోర్డు మగపిల్లలకు పెట్టిన పరీక్ష 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. అంటే గీతకూ గీతకూ నడుమ 27 సెకన్లు. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. గీతకు 40. అగ్నివీర్‌కు పోదలచినవాడు అదే 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60కి 60 మార్కులు, కాబట్టి వాడి గీతకు 20 సెకన్ల చిల్లర. పొద్దున అయిదింటికి ఒకడు సెల్‌ఫోన్ పట్టుకుని సెకన్లు అరుస్తుంటే మిగతావాళ్లు ఉరికేవాళ్లు. ఎవరికి ఏ గీత దగ్గర దమ్ము ఆగిపోతోందో, మర్నాడు ఎక్కడ ఓపిక దాచుకోవాలో అక్కడే తెలిసేది. సెలక్షన్ రోజున కాలికి చిప్పు కట్టి మిషన్ లెక్క తీస్తుంది, అరసెకను తేడా వచ్చినా బతిమాలితే ఎవరూ వినరు. ఊళ్లో ఆ మిషన్‌కు బదులు ఉన్నవి ఈ తొమ్మిది గీతలు.

తొమ్మిదీ కంకర పాలయ్యాయి.

రోడ్డు అడిగిన మాట నిజమే. గుంతలు పూడ్చమన్నారు, తారు వేయమన్నారు, గ్రామసభలో రెండుసార్లు రాసిచ్చారు. ఉన్న తారు కూడా గీకేసి, గుప్పెడంత రాళ్లు పరిచి మాయమవండని ఎవరన్నా రాసిచ్చారా? కంకర పరిచాక రోలరుతో తొక్కించాలి, సందుల్లో రాతిపొడి నింపి నీళ్లు కొట్టాలి, మళ్లీ తొక్కించాలి, ఆపైన తారు. పాలిటెక్నిక్ పిల్లవాడిని లేపి అడిగినా చెబుతాడు. అడిగితే కాంట్రాక్టరుకు బిల్లు రాలేదంటారు. బిల్లు రానప్పుడు కంకర ఎందుకు పోశారు? పోసి, ఆ కుప్ప ముందు నిలబడి ఫోటో ఎందుకు దిగారు?

డిగ్రీ చదివే ఒకమ్మాయి ఆ రాళ్ల మీదే ఉరికింది. ఆరింటికి బర్రె పాలు పిండాలి, ఏడున్నరకు బస్సు. వేరే చోటికి పోయి వచ్చే తీరిక లేదు. చీలమండ బెణికి, కాలు వాచి, ఇప్పుడు గడప మీద కూర్చుని మిగతావాళ్ల టైము రాసి పెడుతోంది. పెళ్లి చేసేద్దామన్న మాట ఇంట్లో మళ్లీ మొదలైంది. దానికి కూడా తమరి శాఖలో ఏదన్నా ఫారం ఉంటే పంపగలరు.

వేరే దారి చూసుకోండని తమరు సెలవిస్తారు. చూశారండీ. కాలువ కట్ట మీద సర్కారు తుమ్మ రెండు వైపులా కలిసిపోయింది, చీకట్లో రక్తపింజర మీద కాలేస్తే కానిస్టేబుల్ పోస్టు సంగతి దేవుడెరుగు. పొలాల డొంకలో ట్రాక్టర్ల గాడి మోకాలి లోతు. ఊరి సీసీ రోడ్డు మీద కోతలప్పుడు వడ్లు ఆరబోస్తారు. కల్లం లేనివాడు ఎక్కడ ఆరబోస్తాడు, ఆ రైతును అనడానికి నోరెలా వస్తుంది? పైగా ఆ సందుల్లో కుక్కలు. ఇక మిగిలింది హైవే. మానేరు ఇసుక లారీలు తెల్లారకముందే దూసుకుపోయే హైవే. ఉరకడానికి పోయిన పిల్లలు లారీ కింద పడ్డ వార్త జిల్లా పేజీలో తమరూ చదివే ఉంటారు. అన్ని లారీల ఇసుక ఊరి పక్క నుంచే పోతుంది గానీ లాంగ్ జంప్ గుంతలో పోయడానికి రెండు తట్టలు దొరకవు. ఆ నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు దూకాల్సింది 4 మీటర్లు. గట్టి నేల మీద దూకి చూడండి ఒకసారి.

క్రీడా ప్రాంగణం ఉంది కదా అంటారేమో. ఉంది. 2022 రాష్ట్రావతరణ దినం నాడు మొదలైన పథకం బోర్డు శ్మశానం పక్క గుట్ట దిగువన నిటారుగా నిలబడి ఉంది. ఊరికి రాసిచ్చింది ఎకరం. ఎకరం చదరంగా తీసుకుంటే ఒక్కో వైపు 64 మీటర్లకు తక్కువ. మూల నుంచి మూలకు ఉరికినా 90 మీటర్లే, నూరు మీటర్ల పందేనికి కంచె దూకాలి. ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్‌కు నాలుగెకరాలు కావాలి. ఇచ్చిన ఎకరంలో రాళ్లు ఏరకుండా వాలీబాల్ స్తంభాలు పాతిన మహానుభావుడెవరో గానీ, ఆయనా తమరూ ఒకే బడిలో చదువుకుని ఉంటారు.

పర్వతగిరి మండలం కల్లెడ అనే ఊరు కూడా ఈ జిల్లాదే. కూలి పనులకు పోయే తల్లిదండ్రుల బిడ్డ జీవన్‌జీ దీప్తి అక్కడి నుంచే వెళ్లి, 2024 మేలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు రాసింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. అప్పుడు జిల్లా అంతా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలకు బిల్లు ఆగిన దాఖలా లేదు.

కోపంలో మాట జారితే మన్నించండి. వాళ్లు చిన్న పిల్లలు, తమరు పెద్దలు. తారు ఇప్పుడే వేయమనడం లేదు. స్టేడియం మాట ఎత్తనే ఎత్తరు. రోలరు ఒక్క పూట పంపండి చాలు. రాతిపొడి ట్రాక్టరుతో క్రషర్ నుంచి వాళ్లే తోలుకుంటారు, నీళ్ల ట్యాంకరు సర్పంచు ఇస్తానన్నాడు, డీజిల్‌కు చందా పోగవుతోంది. డ్రైవరుకు పొద్దున చాయ్, మధ్యాహ్నం నాటుకోడి కూర. గీతలు మళ్లీ కొలిచి గీసుకునే కష్టం తమరికి లేదు. వయసు దాటిపోయేవాళ్లు నలుగురున్నారు, వచ్చే నోటిఫికేషన్ వాళ్లకు ఆఖరిది. దయచేసి పంపండి సారూ.

ఇట్లు,
గుడి నుంచి తూము దాకా ఉరికేవాళ్ల తరఫున.

తా.క. రోలరు ఎక్కడుందో కూడా కనుక్కున్నారు. పక్క మండలంలో, మంత్రి గారు రాబోయే దారిలో ఉంది. ఆ పని శుక్రవారం అయిపోతుందట. శనివారం పొద్దంతా ఖాళీయేనని డ్రైవరే చెప్పాడు.