సున్నాకు సాష్టాంగం

బాక్సింగ్‌లో అందరికంటే గొప్పవాడెవరన్న చర్చ ఎక్కడ మొదలైనా, కాసేపటికి ఎవరో ఒకరు గొంతు సవరించుకుని ‘యాభైకి యాభై’ అంటారు. ఇక అవతలివాళ్లు నోరు మూసుకోవాలి. అమెరికన్ బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ ప్రొఫెషనల్‌గా 50 బౌట్లు ఆడాడు, 50 గెలిచాడు, ఓటమి గడిలో సున్నా. కాబట్టి షుగర్ రే రాబిన్సన్, మహమ్మద్ అలీ వగైరాలంతా ఆయన తర్వాతే. మేవెదర్ కూడా మొహమాటపడకుండా, తనంతటివాడు ఎన్నడూ పుట్టలేదని అర్థం వచ్చేలా ‘టీబీఈ’ అన్న పొడి అక్షరాలు టోపీల మీద వేయించి అమ్ముకున్నాడు. ఈ సిద్ధాంతంలో ఒక సౌకర్యం ఉందని ఒప్పుకోవాలి: బాక్సింగ్ చూడనక్కర్లేదు. ఎవరు ఎవరిని కొట్టారు, ఏ వయసులో ఉండగా కొట్టారు, ఎన్ని దెబ్బలు తిని కొట్టారు అన్న గొడవే లేదు. పట్టికలో ఒక్క గడి చూసి తీర్పు చెప్పేయొచ్చు. ఆ మాత్రానికి క్రీడా విలేకరి ఎందుకు, జమాఖర్చులు రాసే గుమాస్తా చాలు.

సరే, గుమాస్తా లెక్కే ఖాయం చేద్దాం. థాయ్‌లాండ్‌లో వాన్‌హెంగ్ మెనయోథిన్ అనే బాక్సర్ ఉన్నాడు. 105 పౌండ్ల విభాగంలో వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ (డబ్ల్యూబీసీ) ఛాంపియన్‌గా ఉండేవాడు. 2018లో 51వ గెలుపుతో మేవెదర్‌ను దాటేసి, ఒక్క ఓటమీ లేకుండా 54 దాకా వెళ్లాడు. సున్నా భక్తులు ఆ రోజే టోపీలు మార్చుకుని బ్యాంకాక్ విమానం ఎక్కి ఉండాల్సింది. ఎవరూ కదల్లేదు. పైగా అప్పటిదాకా వాళ్ల నోట వినపడని ప్రశ్న ఒకటి బయటికొచ్చింది: ‘అయితే మాత్రం, అతను ఓడించింది ఎవర్ని?’ మంచి ప్రశ్నే. కానీ దాన్ని ఒకసారి గడప దాటి రానిచ్చాక, థాయ్‌లాండ్ వాడినొక్కడినే అడిగి ఊరుకోదు. 2020 నవంబరులో తోటి థాయ్ బాక్సర్ పన్యా ప్రదబ్‌శ్రీ చేతిలో వాన్‌హెంగ్ ఓడిపోయాడు గానీ, భక్తుల చిక్కు తీరలేదు. మెక్సికోకు చెందిన రికార్డో లోపెజ్ 51 గెలుపులు, ఒక డ్రాతో, ఓటమన్నదే ఎరగకుండా రిటైరయ్యాడు. విల్లీ పెప్ 1943లో మొదటిసారి ఓడేనాటికి వరసగా 62 గెలిచి ఉన్నాడు. అంటే భక్తులు సైతం లోలోపల అంకెను నమ్మడం లేదు. నచ్చినవాడిని ముందే ఎంచుకుని, అంకెను తర్వాత తగిలిస్తున్నారు.

పోనీ ఆ సున్నా అయినా రాతిమీద చెక్కిందా? 2002 ఏప్రిల్ 20న లాస్ వేగాస్‌లో మేవెదర్ మెక్సికన్ బాక్సర్ హోసె లూయిస్ కాస్టియోతో తలపడ్డాడు. ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌నే గెలిపించారు: ఒకరు 116-111, ఇద్దరు 115-111. బౌట్‌ను ప్రసారం చేసిన హెచ్‌బీఓ తరఫున అనధికారికంగా స్కోరు వేసిన హెరాల్డ్ లెడర్‌మన్ కాగితంలో మాత్రం అదే 115-111 కాస్టియో పక్షాన ఉంది. అవే పన్నెండు రౌండ్లు, అవే దెబ్బలు. జడ్జీల్లో ఇద్దరు లెడర్‌మన్ కళ్లతో చూసి ఉంటే ఇవాళ లెక్క 49 గెలుపులు, ఒక ఓటమి. అప్పుడు ఎడమ భుజం చాటున గడ్డం దాచుకుని దెబ్బను జారవిడిచే మేవెదర్ విద్య పిసరంతైనా తగ్గేదా? ఆ డిసెంబరులోనే మళ్లీ తలపడి కాస్టియోను ఓడించాడు కూడా. ఓడి, ఎనిమిది నెలల్లో అదే మనిషిపై నెగ్గిన కథ నిజానికి ఇంకా బాగుండేది. ఇక 1996 అట్లాంటా ఒలింపిక్స్ సెమీఫైనల్లో బల్గేరియాకు చెందిన సెరాఫిమ్ టోడొరోవ్ 10-9తో మేవెదర్‌ను ఓడించాడు. అమెరికన్లు నిరసన తెలిపారు, ఫలితం మారలేదు. అది అమెచ్యూర్ బౌట్ కాబట్టి సున్నాకు మైల అంటలేదు. మెక్సికో ఆరాధ్యుడు హూలియో సెసార్ ఛావెజ్‌ది మరీ ముచ్చట. 1981లో ఒక బౌట్‌లో నిబంధన మీరి కొట్టాడంటూ మొదట ఓటమి ప్రకటించారు. మేనేజర్ వెళ్లి మాట్లాడాక అది గెలుపైంది. ఆ పునాది మీద ఆ సున్నా 89 గెలుపుల దాకా నిలబడింది.

అసలు కీలకం ఇంకోచోట ఉంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రత్యర్థి ఎదురుపడడు, ఎంపికవుతాడు. ఎవరితో, ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ బరువు దగ్గర, ఎంత వాటాకు అన్నవన్నీ తేలి సంతకాలయ్యాకే గంట మోగుతుంది. అమెచ్యూర్ పోటీల్లో అలా కుదరదు, డ్రాలో ఎవరొస్తే వాళ్లే. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్. అయినా పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేక, రెండో బౌట్‌లోనే చైనాకు చెందిన టాప్ సీడ్ వూ యు ఎదురై ఓడిపోయింది. ‘ఈమె ఇప్పుడే వద్దు, ఇంకో రెండేళ్లు ఆగుదాం’ అనే వెసులుబాటు అక్కడ లేదు. మేవెదర్‌కు ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. 2009లో హువాన్ మాన్యుయెల్ మార్కెజ్‌తో బౌట్‌కు ఒప్పుకున్న బరువు 144 పౌండ్లు. మార్కెజ్ అప్పటికి 135 పౌండ్ల ఛాంపియన్, పైకి ఎగబాకి వచ్చాడు. మేవెదర్ 146 తూగి, పౌండుకు మూడు లక్షల డాలర్ల చొప్పున ఆరు లక్షలు జరిమానా కట్టి రింగెక్కాడు. ఆ జరిమానా పడే గడి ఏ రికార్డు పట్టికలోనూ ఉండదు. ఇది పెద్దవాళ్ల సంగతి. కుర్రాళ్ల సున్నాలు ఎలా పెరుగుతాయో తెలియాలంటే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ బాక్సర్ పీటర్ బక్లీని చూడాలి. 300 బౌట్లలో 256 ఓడి 2008లో విరమించాడు. ప్రిన్స్ నసీమ్ హమెద్ పైకెక్కుతున్న రోజుల్లో రెండుసార్లు ఓడించింది ఈయన్నే. పిలిచిన వెంటనే వచ్చి, ఒళ్లు కాచుకుంటూ నాలుగో ఆరో రౌండ్లు నిలబడి, కుర్రాడి ఖాతాలో ఒక గెలుపు వేసి ఇంటికెళ్లడం గౌరవప్రదమైన వృత్తే. ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. శతదినోత్సవం పోస్టర్ కోసం మన సినిమావాళ్లు ఖాళీ హాల్లో రోజుకొక ఆటగా బొమ్మను నెట్టుకొచ్చినట్టు, ప్రమోటర్లు ఇలాంటి గెలుపులతో రికార్డును నెట్టుకొస్తారు. పోస్టర్ చూసి మురిసిపోయేవాళ్లే మనకిప్పుడు చరిత్ర పాఠం చెబుతున్నారు.

మేవెదర్ కంటే ముందు ఈ సున్నా పీఠాధిపతి రాకీ మార్సియానో. 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు, 1956లో హెవీవెయిట్ బెల్టుతోనే విరమణ. గిట్టనివాళ్లు వెంటనే వయసులు తీస్తారు: 1951లో ఆయన పడగొట్టిన జో లూయిస్‌కు 37, మరుసటి ఏడు బెల్టు లాక్కున్న జెర్సీ జో వాల్కాట్‌కు 38. 1955లో చివరి ప్రత్యర్థి ఆర్చీ మూర్ వయసెంతో మూర్‌కూ వాళ్లమ్మకూ పొత్తు కుదరలేదు: తాను 1916లో పుట్టానని ఆయన, కాదు 1913లోనని ఆవిడ. ఇవన్నీ నిజాలే. కానీ అక్కడితో ఆగితే సున్నాను పొగిడేవాళ్లకూ తిట్టేవాళ్లకూ తేడా ఉండదు. ఫిలడెల్ఫియాలో వాల్కాట్‌తో బౌట్ చూడండి. మొదటి రౌండ్లోనే మార్సియానో కిందపడ్డాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి మూడు స్కోరు కార్డుల్లోనూ వెనకబడి ఉన్నాడు. పదమూడో రౌండ్లో కుడిచేత్తో ఒకే ఒక్క దెబ్బ, వాల్కాట్ లేవలేదు. 1954లో ఎజార్డ్ చార్ల్స్‌తో రెండోసారి తలపడినప్పుడు ముక్కు చీలి నెత్తురోడుతుంటే ఎనిమిదో రౌండ్లో నాకౌట్ చేశాడు. మార్సియానో ఏపాటి మనిషో తెలిసేది ఓటమి అంచున నిలబడిన ఈ రాత్రుల్లోనే. సున్నాకు మాత్రం ఈ రాత్రీ, మొదటి రౌండ్లోనే ఎవరో అనామకుడిని పడేసిన రాత్రీ ఒక్కటే.

‘ఎదురుగా ఉన్నవాడినే కదా కొట్టగలడు’ అంటారు. అవును, మరి ఎదురుగా ఎవరుండాలో చెప్పేదీ పెద్ద ఛాంపియనే. ‘ఓడకుండా ఉండడం అంత తేలికా? కుళ్లుబోతు మాటలు’ అంటారు. తేలిక కానే కాదు. 2001లో డియెగో కొరాలెస్‌ను ఐదుసార్లు నేల కరిపించడం, 2007లో అప్పటిదాకా 43 గెలిచి ఒక్కటీ ఓడని రికీ హాటన్‌ను నాకౌట్ చేయడం, 36 ఏళ్ల వయసులో 23 ఏళ్ల కనేలో అల్వరెజ్‌కు పన్నెండు రౌండ్ల పాటు తన నీడను కూడా సరిగా అందనివ్వకపోవడం, ఇవి తేలికని నేననను. మేవెదర్ గొప్పతనానికి సాక్ష్యాలు ఇవే. ఇవి చెప్పండి, వింటాం. ఇవన్నీ ఉండగా సున్నా ముందు దండాలెందుకు? మూడో అభ్యంతరం కాస్త గట్టిది: ఓడినవాడు ఓడనివాడి కంటే గొప్పవాడెలా అవుతాడు? రాబిన్సన్ 40 గెలుపుల తర్వాత 1943లో జేక్ లమొట్టా చేతిలో ఓడాడు. మూడు వారాలు తిరిగేసరికి అదే లమొట్టాను పిలిచి ఓడించాడు. మొత్తం ఆరుసార్లు తలపడి ఐదు గెలిచాడు. 1951లో లండన్‌లో రాండీ టర్పిన్‌కు బెల్టు అప్పగించి, రెండు నెలలకు న్యూయార్క్‌లో వెనక్కి తెచ్చుకున్నాడు. అలీ కూడా జో ఫ్రేజియర్ చేతిలో, కెన్ నార్టన్ చేతిలో ఓడి, ఒక్కొక్కరితో మూడేసిసార్లు తలపడి రెండేసి గెలిచాడు. వీళ్ల ఓటములు బలమైనవాళ్లను వెతుక్కుంటూ వెళ్లినందుకు కట్టిన సుంకం. ‘ఆ రోజులు వేరు, ఏడాదికి పదేసి బౌట్లు ఆడేవాళ్లు, ఇప్పటితో పోలికేమిటి’ అంటే సంతోషం. పోల్చకూడదనుకుంటే ‘యాభైకి యాభై’ పట్టుకుని రాబిన్సన్ ఇంటిమీదికి వెళ్లకండి.

సున్నా వెర్రి వల్ల నష్టపోయేది చూసేవాళ్లు. మేవెదర్, ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావోల మధ్య బౌట్ కోసం చర్చలు మొదట నడిచింది 2009 చివర్లో, ఇద్దరూ పదును మీదున్నప్పుడు. రక్త పరీక్షల షరతు దగ్గర బెడిసికొట్టాయి. తప్పెవరిదో ఇప్పటికీ తేలని పంచాయితీ అది, తేల్చే ఓపిక నాకు లేదు. చివరికి 2015 మే 2న కలిశారు. అప్పటికి పకియావోకు 36, మేవెదర్‌కు 38. మధ్యలో 2012లో మార్కెజ్ పకియావోను నేలమీద బోర్లా పడుకోబెట్టాడు కూడా. దాదాపు 46 లక్షల టీవీ కనెక్షన్లకు డబ్బు కట్టి జనం ఆ చల్లారిన వంటకాన్నే ఆరగించారు. సున్నా భద్రంగా మిగిలింది. దాన్ని 49 దగ్గర వదిలేసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు, మార్సియానో అక్కడే ఆగాడు. కానీ గుండ్రటి అంకె మీద ఆశ చావదు. 2017 ఆగస్టు 26న లాస్ వేగాస్‌లో యాభైవ బౌట్ ఏర్పాటైంది. ప్రత్యర్థి కోనర్ మెక్‌గ్రెగర్, బాక్సింగ్‌లో కాదు, యూఎఫ్‌సీ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో పేరు మోసినవాడు. పదో రౌండ్లో రిఫరీ బౌట్ ఆపేయడంతో లెక్క పూర్తయింది. మెక్‌గ్రెగర్‌కు అదే మొదటి ప్రొఫెషనల్ బాక్సింగ్ బౌట్. కాబట్టి భక్తుల శాస్త్రం ప్రకారం ఆ రాత్రి రింగులో తలపడినవాళ్లు ఇద్దరూ అజేయులే.