శాలువా వెడల్పు ఎంతండీ?

మార్చి మొదటి వారంలో హైదరాబాదులో శాలువాల ధర పెరుగుతుందని నా అనుమానం. రవీంద్రభారతిలో ఒక సభ, త్యాగరాయ గానసభలో ఒక సభ, ఊరి చివర ఇంజనీరింగు కాలేజీ సెమినార్ హాల్లో ఇంకొకటి. మహిళా దినోత్సవం కదా, అన్నిటికీ ఒక డాక్టరమ్మ, ఒక పోలీసు అధికారిణి, ఒక ‘మహిళా దర్శకురాలు’ కావాలి. ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా వీళ్ల ఫోనెత్తని పెద్దమనుషులకు సరిగ్గా మార్చి నాలుగో తారీఖున వీళ్ల నంబరు దొరుకుతుంది.

అసలు ‘మహిళా దర్శకురాలు’ ఏమిటి? దర్శకురాలు అంటేనే ఆడమనిషి కదా. గోడ మీద వాల్‌పోస్టరు, నడి సెంటరు, ఇదీ ఆ జాతి మాటే. పోనీ, న్యాయంగా రెండో వైపు కూడా అని చూడండి: “ప్రముఖ పురుష దర్శకుడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఇటు ఇంటినీ అటు షూటింగునీ చక్కగా సమన్వయం చేసుకుంటున్న ఆదర్శమూర్తి.” ఆ సాయంత్రానికల్లా ఆయన లాయరు నుంచి నోటీసు వస్తుంది.

నాకు తెలిసిన ఒకావిడ డాక్యుమెంటరీలు, చిన్న సినిమాలు తీస్తుంది. పన్నెండేళ్లలో పూర్తి చేసినవి మూడు. వచ్చిన శాలువాలు పదిహేడు. అంటే సినిమాకి ఐదున్నరకు పైనే శాలువాలన్న మాట. ఓసారి ఆవిడతో పాటు నేనూ సభకి వెళ్లాను. వేదిక మీద అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, అందరూ మగవాళ్లే. చివరి కుర్చీలో ఈవిడ. ఆత్మీయ అతిథి గారు సినిమాలు తీసే నిర్మాత. మైకు పుచ్చుకుని, “ఆడపిల్లలు ధైర్యంగా ముందుకు రావాలి” అన్నారు. ఈవిడ నా వైపు చూసింది. కథ చెప్పడానికని రెండేళ్ల క్రితం ఆయన ఆఫీసుకే మూడుసార్లు ముందుకు వచ్చింది. మూడుసార్లూ రిసెప్షన్ సోఫా దాకానే రానిచ్చారు. సోఫా బాగుంటుందట, మెత్తగా.

యాంకరమ్మాయి పరిచయ వాక్యం ఇంకా బాగుంది. “స్త్రీలు అడుగుపెట్టడానికే సాహసించని రంగంలో అడుగుపెట్టి…” పాపం, ఆ అమ్మాయి తప్పేం లేదు, రాసిచ్చింది చదివింది. రాసిచ్చిన వారికి మాత్రం రెండు ముక్కలు. 1926లోనే ఫాత్మా బేగం ‘బుల్బుల్-ఎ-పరిస్తాన్’ తీశారు. 1953లో భానుమతి ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో డైరెక్టు చేశారు. పాన్ ఇండియా అన్న మాట పుట్టడానికి అరవై ఏళ్లు ముందు. అందులో రెండు పాత్రలూ ఆవిడవే, తన పాటలూ ఆవిడవే. ఇవాళ ఒక హీరో ఆ పనుల్లో సగం చేస్తే ప్రీ రిలీజ్ ఈవెంటు మూడు రోజులు జరుగుతుంది. 1973లో ‘మీనా’తో తెలుగులో డైరెక్షను మొదలెట్టిన విజయనిర్మల మొత్తం నలభై నాలుగు సినిమాలు తీసి, 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. ప్రపంచంలో అత్యధిక సినిమాలు తీసిన దర్శకురాలిగా గిన్నిస్‌కెక్కిన మనిషి నానక్‌రామ్‌గూడలో కాపురమున్న ఊళ్లోనే, సభ పెట్టి ఆడవాళ్లు ఇంకా అడుగుపెట్టలేదని చెబుతున్నాం. అడుగులైతే పడ్డాయి. రోజూ తెల్లారగట్ల వాకిలి ఊడ్చినట్టు ఎవరో వాటిని శుభ్రంగా ఊడ్చేస్తున్నారు.

ఊడవడం వల్ల లాభం లేకపోలేదు. ఎవరొచ్చినా ‘తొలి’ అవుతారు. తొలి మనిషికి శాలువా కప్పితే సరిపోతుంది, నలభై ఐదో మనిషికి పారితోషికం ఇవ్వాలి.

“ఆడవాళ్ల దగ్గర కథలుండవండీ” అని మాత్రం మన పరిశ్రమ ఎన్నడూ అనలేదు, ఆ మంచితనం ఒప్పుకోవాలి. ‘డాక్టర్ చక్రవర్తి’, ‘ప్రేమనగర్’ కోడూరి కౌసల్యాదేవి నవలలు. ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’ యద్దనపూడి సులోచనారాణివి, ఆ ‘మీనా’ కూడా. వారపత్రిక సీరియల్ పూర్తికాకముందే నిర్మాతలు రచయిత్రి ఇంటి ముందు కారు ఆపిన కాలం అది. బియ్యం కడిగి పెట్టింది ఆవిడ, పొయ్యి రాజేసింది ఆవిడ, గరిటె దగ్గరికొచ్చేసరికి మాత్రం “అది మీకు బరువండీ” అన్నారు. ఆ బరువు ఎత్తగలనని విజయనిర్మల నిరూపించాక కూడా గరిటె చేతులు మారడానికి మొహమాటపడుతూనే ఉంది.

ఎత్తిన గరిటె జారితే ఏమవుతుందో సావిత్రి కథ చెబుతారు. 1968లో ‘చిన్నారి పాపలు’ డైరెక్టు చేశారు, ముఖ్యమైన శాఖలు చాలావరకు ఆడవాళ్లే చూసుకున్నారు, సంగీతం పి. లీలది. డబ్బులు రాలేదు. అంతే, యాభై ఏళ్లకు పైగా అది గుణపాఠమై కూర్చుంది. అదే ఫిల్మ్‌నగర్‌లో ఒక మగ డైరెక్టరుకి వరసగా మూడు పోతే “టైం బాలేదు” అంటారు, నాలుగోదానికి బడ్జెట్ పెంచుతారు. మగవాడి ఫ్లాపు గ్రహచారం, ఆడదాని ఫ్లాపు స్త్రీజాతి స్వభావం. సుధ కొంగర తొలి సినిమా ‘ఆంధ్రా అందగాడు’ 2008లో తెలుగులోనే వచ్చింది. ఇక్కడ ఆమె పేరు మళ్లీ తెర మీద చూడటానికి 2017లో ‘గురు’ దాకా ఆగాం. ఈలోగా ఆవిడ ఊరికే కూర్చోలేదు, చెన్నైలో సినిమాలు తీసుకుంటూ ఉంది. మనం బహుశా శాలువా కొనడానికి బజారుకెళ్లి ఉంటాం.

పెద్ద స్టూడియోల గొడవెందుకు, సొంతంగా చిన్న కెమెరాతో తీసుకోవచ్చుగా అంటారు కొందరు ఉదారులు. తీసుకుంటున్నారు. అస్సాంలో రీమా దాస్ ఛయగాఁవ్ దగ్గర సొంత ఊళ్లో ‘విలేజ్ రాక్‌స్టార్స్’ తీసింది. రాసిందీ, షూట్ చేసిందీ, ఎడిట్ చేసిందీ, నిర్మించిందీ ఆవిడే. 2018లో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, దేశం తరఫున ఆస్కార్‌కీ వెళ్లింది. ఈ సంగతి విన్న ఒక పెద్దాయన స్పందన నాకు బాగా గుర్తు: “చూశారా, ఆడవాళ్లు ఒంటిచేత్తో ఐదు పనులు చెయ్యగలరు.” నిజమే. ఐదు పనులకు ఒక జీతం అనే పద్ధతి ఇంటి దగ్గరే అలవాటు చేశాం కదా.

దర్శకురాలు పాయల్ కపాడియా సంగతి అయితే వ్యంగ్యం రాసేవాడికి పని లేకుండా చేసింది. 2015లో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఛైర్మన్ నియామకం మీద విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. ఆమె అందులో ఉంది. గ్రాంటు కోత పడింది, ముప్ఫై అయిదుమంది విద్యార్థుల మీద పెట్టిన పోలీసు కేసులో ఆమె పేరూ చేరింది. 2024 మేలో ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’కి కాన్‌లో గ్రాండ్ ప్రి వచ్చింది. మన సినిమా అక్కడి ప్రధాన పోటీలోకి వెళ్లి అప్పటికి ముప్ఫై ఏళ్లు. మర్నాడు అందరూ, ఆ ఇన్‌స్టిట్యూట్‌తో సహా, గర్విస్తున్నామన్నారు. కేసు మాత్రం అప్పటికీ కోర్టులో అలాగే ఉంది. ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో ఛార్జిషీటు. తర్వాత ఆస్కార్‌కి ఏ సినిమా పంపాలో తేల్చడానికి పదముగ్గురు కూర్చున్నారు. పదముగ్గురూ పురుషులే. వాళ్లు ‘లాపతా లేడీస్’ని ఎంచుకున్నారు. అదీ ఒక స్త్రీ తీసిందే, మంచి సినిమానే, పేచీ లేదు. కానీ ఎంపిక పత్రం మొదటి వాక్యంలోనే భారత స్త్రీ అంటే అణకువా అధికారమూ కలిసిన వింత మిశ్రమం అన్నారు. వింత మిశ్రమం అంటే మనకు తెలిసింది ఉగాది పచ్చడి. పాయల్ సినిమా గురించేమో భారతదేశంలో జరిగే యూరప్ సినిమాలా అనిపించిందన్నారు. ముంబై లోకల్ రైల్లో నిలబడి ఇంటికెళ్లే నర్సులు ఎప్పుడు యూరప్ వెళ్లిపోయారో మరి. యూరప్ సంబంధం ఉన్నది డబ్బుకే. అది మాత్రం నిజంగానే కొంత ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చింది.

మనం పారేసుకున్నదాన్ని యూరప్ వాళ్లు దాచిపెట్టడం కొత్త కాదు. 1980లో దీపా ధన్‌రాజ్, మరికొందరు కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టుకుని నాలుగు సినిమాలు తీశారు. అందులో ఒకటి హైదరాబాదు మహిళా సంఘం ‘స్త్రీశక్తి సంఘటన’ వాళ్లతో కలిసి తెలుగులో తీసింది, 1983లో. పేరు ‘ఇది కథ మాత్రమేనా’. ఇంటి నాలుగు గోడల మధ్య హింస, లోపలికి కుంగిపోతున్న ఒక ఇల్లాలు. ఆ రీళ్లను శుభ్రం చేసి మళ్లీ చూసేలా చేసింది బెర్లిన్‌లోని ఒక సినిమా సంస్థ. మన వీధి కథ మన భాషలో చూడాలంటే జర్మన్లు దుమ్ము దులపాలి.

ఇక శాలువాల అసలు ఉపయోగం చెప్పాలి, దానికి ముందు సెట్ల సంగతి. కేరళలో సినిమా పరిశ్రమలో ఆడవాళ్ల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2019 చివర ప్రభుత్వం చేతికొచ్చి, 2024 ఆగస్టులో నల్లగీతలతో బయటికొచ్చింది. ఘోరాలు చాలా ఉన్నాయి, కానీ నన్ను పట్టుకున్నది ఒక మామూలు విషయం. సెట్లో మరుగుదొడ్డి ఉండదని, బట్టలు మార్చుకునే చోటుండదని ఆడవాళ్లు మంచినీళ్లు తాగడం మానేస్తున్నారట. తెలంగాణలో కూడా 2019లో ఇలాంటి ఉపసంఘం వేశారు. దాని నివేదిక బయటపెట్టండని నటి సమంత 2024లో బహిరంగంగా అడగాల్సి వచ్చింది. కోట్ల రూపాయల సెట్టు వేసి, అందులో నకిలీ రాజమహల్‌కి నలభై గదులు కట్టించి, ఒక్క గొళ్లెం ఉన్న తలుపు పెట్టలేకపోయారు.

పదిహేడు శాలువాల నా స్నేహితురాలికి ఆ ఇబ్బంది లేదు. కిందటేడు పాలమూరు వైపు ఆరు రోజులు షూటింగు పెట్టుకుంది. నాలుగు వెదురు గడలు పాతి, చుట్టూ శాలువాలు కట్టింది. పదిహేడులో పన్నెండు దానికి సరిపోయాయి. జరీ అంచు ఉన్నవి కాబట్టి గాలికి లేవలేదు. మిగిలిన వాటిలో ఒకటి కెమెరా మీద దుమ్ము పడకుండా కప్పింది, ఒకటి సౌండు అబ్బాయికి చలేస్తే ఇచ్చింది. ‘నారీశక్తి’ అని చెక్కిన ఇత్తడి మెమెంటోలు మంచి బరువు, లైటు స్టాండ్లు పడిపోకుండా కాళ్ల మీద పెట్టింది.

ఈ ఏడూ మార్చి నాలుగున ఫోను వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. స్పీకరు ఆన్ చేసింది.

“నమస్తే మేడమ్. ఎనిమిదో తారీఖున మిమ్మల్ని సన్మానించుకోవాలని మా సంస్థ నిర్ణయించింది. ఒక పది నిమిషాలు, అంతే. ట్రావెలింగ్ మాత్రం మీరే చూసుకోవాలి.”

“సరేనండీ. శాలువా ఉంటుందా?”

“అయ్యో, ఉండకపోవడమేంటి మేడమ్!”

“వెడల్పు ఎంతండీ? కిటికీకి అడ్డం కట్టాలి. వెలుతురు రాకుండా ముదురు రంగుది ఉంటే రెండివ్వండి, మెమెంటో వద్దు.”

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన ఎవరినో అడగడం వినిపించింది: “ఒరేయ్, మెరూన్ కలర్ ఎన్ని మిగిలాయిరా?”